పిల్లల చదరంగం పోటీలు: పేరు నమోదు నుంచి బల్ల దాకా

పిల్లల చదరంగం పోటీ సజావుగా సాగాలంటే రెండు పనులు ముందే కుదిరి ఉండాలి. ఎవరెవరు ఆడుతున్నారో తేల్చే పేర్ల నమోదు ఒకటి. ఆ పిల్లల్లో ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తేల్చే ఏర్పాటు రెండోది. పైకి ఇవి ఆటకు సంబంధం లేని గుమస్తా పనుల్లా కనిపిస్తాయి. కానీ మొదటి రౌండు గంట ఆలస్యమైనా, ఫీజు కట్టిన బాలిక పేరు జాబితాలో లేకపోయినా, ఇద్దరు పిల్లలు తమది కాని బోర్డు మీద ఆట ముగించేసినా, కారణం వెతుక్కుంటూ వెళితే చాలాసార్లు తేలేది ఈ రెండు చోట్లే. ఆట నియమాలు తెలిసిన ఆర్బిటర్లు, అంటే ఆట న్యాయనిర్ణేతలు, ఎంతమంది ఉన్నా తప్పులున్న జాబితాను, ఇరుకు హాలును సరిదిద్దలేరు.

గుంటూరులో పుట్టిన పెంటేల హరికృష్ణ 2004లో కొచ్చిలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలో విజేత అయ్యాడు. కోనేరు హంపి 1997లోనే పదేళ్ళలోపు బాలికల్లో ప్రపంచ విజేతగా నిలిచింది. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో, ఆట బలాన్ని అంకెల్లో చూపే రేటింగులో 2800 దాటాడు. ఈ పేర్లు విన్న తల్లిదండ్రులు పిల్లల్ని పోటీలకు తీసుకొస్తున్నారు. వచ్చిన వాళ్ళలో గ్రాండ్‌మాస్టర్లు అయ్యేది ఏ ఒక్కరో. మిగిలిన పిల్లలకు ఆ ఆదివారం నాటి అనుభవమే చదరంగం. అందుకే నమోదు, కూర్చోబెట్టడం అనే ఈ రెండు పనులను పోటీ న్యాయంలో భాగంగా చూడాలి.

వయసు విభాగాలు

నమోదు మొదలుకాకముందే తేలాల్సింది విభాగాలు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నిర్వహించే ప్రపంచ స్థాయి పోటీల్లో 8, 10, 12, 14, 16, 18 ఏళ్ళలోపు విభాగాలు ఉంటాయి. అఖిల భారత చదరంగ సమాఖ్య జాతీయ పోటీలు 7, 9, 11, 13, 15, 17, 19 ఏళ్ళలోపు విభాగాల్లో జరుగుతాయి. రెండు చోట్లా వయసు లెక్కకు గీటురాయి జనవరి 1. స్థానిక పోటీ పెట్టేవారు ఏ పద్ధతి పాటిస్తున్నారో ప్రకటనలోనే చెప్పాలి. వయసు మాత్రమే రాయడం కంటే పుట్టిన తేదీ రాయడం మేలు. ఉదాహరణకు 2026లో పెట్టే తొమ్మిదేళ్ళలోపు పోటీకి “2017 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు” అని రాస్తే సందేహానికి తావుండదు. 2016 డిసెంబరు 31న పుట్టిన బిడ్డ పై విభాగంలోకి వెళ్తుంది. ఒక్క రోజు తేడాయే అయినా హద్దు ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు. అది ముందే తెలిస్తే పోటీ రోజు వాదన రాదు.

విభాగాలు ఎన్ని ఉండాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఎక్కువ విభాగాలు పెడితే బహుమతులు ఎక్కువ మందికి అందుతాయి, ఈడువాళ్ళ మధ్యే పోటీ ఉంటుంది. కానీ ఒక్కో విభాగంలో పదిమంది కూడా లేకపోతే ఆటల్లో వైవిధ్యం ఉండదు. తక్కువ విభాగాలు పెడితే ఏడేళ్ళ పిల్ల పద్నాలుగేళ్ళ అబ్బాయి ఎదుట కూర్చోవాల్సి వస్తుంది. రెండు విభాగాలను కలిపి ఆడించి, బహుమతులు మాత్రం విడిగా ఇవ్వడం మధ్యేమార్గం. ఎంతమంది కంటే తక్కువైతే కలుపుతారన్నది ప్రకటనలో ఉండాలి. పేర్లన్నీ వచ్చాక కలిపితే, ఎవరి కోసమో కలిపారన్న అనుమానం పుడుతుంది.

బాలికల విషయంలోనూ ఇదే స్పష్టత కావాలి. బాలికల విభాగం విడిగా ఉన్నప్పుడు రెండో దాన్ని “బాలుర విభాగం” అనడం అలవాటు. అంతర్జాతీయ పద్ధతిలో అది “ఓపెన్”, అంటే అందరిదీ. చిన్న పోటీల్లో అందరినీ కలిపి ఆడించి, బాలికలకు వేరుగా బహుమతులు ఇవ్వడమే ఎక్కువగా జరుగుతోంది.

వయసుతోపాటు అనుభవాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. 2024 మార్చి నుంచి ఫిడే రేటింగు కనీస స్థాయి 1400 అయింది. అంతకు తక్కువ బలం ఉన్న పిల్లలకు రేటింగే ఉండదు. కాబట్టి రేటింగు ఉన్నవారికి ఒకటి, లేనివారికి ఒకటిగా విడదీస్తే ఈ మధ్యే పావులు కదపడం నేర్చుకున్న పిల్లలు తమలాంటి వాళ్ళతోనే ఆడతారు.

నమోదు పత్రంలో ఏముండాలి

నమోదు పత్రం చిన్నదిగా ఉండాలి, కానీ అవసరమైన వివరం ఒక్కటీ తప్పిపోకూడదు. పేరు, పుట్టిన తేదీ, ఆడపిల్లో మగపిల్లాడో, ఆడదలచిన విభాగం, ఫిడే గుర్తింపు సంఖ్య ఉంటే అది, బడి పేరు, ఊరు, పోటీ రోజు వెంట వచ్చే పెద్దవారి ఫోన్ నంబరు, ప్రత్యేక అవసరాలు: ఇవి చాలు. చివరి గడిని చాలామంది నిర్వాహకులు వదిలేస్తారు. చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డ, చూపు తక్కువున్న బిడ్డ, ఉబ్బసం ఉన్న బిడ్డ వస్తున్నారని ముందే తెలిస్తే వారి బల్ల ఎక్కడ వేయాలో ముందే నిర్ణయించవచ్చు.

తెలుగు పిల్లల పేర్లతో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా, మరోచోట చివరన ఉంటుంది. బడి రికార్డులో ఒక వరుస, జనన ధ్రువపత్రంలో ఇంకో వరుస, ఫిడే జాబితాలో మరో వరుస. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు. సాయి, కార్తీక్, లాస్య, అక్షర లాంటి పేర్లు ఒకే విభాగంలో నలుగురైదుగురికి ఉండటం వింతేమీ కాదు. అందువల్ల పేరును బట్టి మాత్రమే పిల్లల్ని గుర్తించకూడదు. ఫిడే సంఖ్య ఉంటే దాన్నిబట్టి, లేకపోతే పుట్టిన తేదీ, ఫోన్ నంబరు కలిపి గుర్తించాలి. ఇది పాటించని చోట ఒకే బిడ్డ పేరు జాబితాలో రెండుసార్లు పడుతుంది. మొదటి రౌండులో ఆ రెండో పేరుకు ఎదుట పడిన బిడ్డ ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చుంటుంది.

వయసు రుజువు ఎంత గట్టిగా అడగాలన్నది పోటీ స్థాయిని బట్టి ఉంటుంది. జిల్లా, రాష్ట్ర ఎంపిక పోటీల్లో జనన ధ్రువపత్రం తప్పనిసరి, ఎందుకంటే అక్కడ ఒకరికి దక్కిన చోటు మరొకరికి పోయిన చోటు. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత పుట్టినవారి విషయంలో బడి ప్రవేశం వంటి అనేక పనులకు జనన ధ్రువపత్రాన్నే ఆధారంగా నిలిపింది. కాబట్టి ముందు ముందు ఈ పత్రం చూపడం ఇంకా తేలికవుతుంది. బడి స్థాయి సరదా పోటీకి ఇంత అక్కర్లేదు. ప్రధానోపాధ్యాయుడి సంతకంతో వచ్చిన జాబితా చాలు.

అడిగిన ప్రతి వివరానికీ బాధ్యత తోడుగా వస్తుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల నిర్ధారిత అంగీకారం కావాలంటోంది. పిల్లల ఆధార్ ప్రతులు, ఫోన్ నంబర్లు వాట్సాప్ గుంపుల్లో తిరగనివ్వడం ఈ చట్టం స్ఫూర్తికి విరుద్ధం. గోడ మీద అంటించే జాబితాలో పేరు, విభాగం, రేటింగు ఉంటే సరిపోతుంది. ఫొటోలు, ఫలితాలు ప్రచురించడానికి అంగీకారం నమోదు పత్రంలోనే తీసుకోవాలి.

ఇక ఫీజు. ఇప్పుడు ఎక్కువమంది యూపీఐ ద్వారా కడుతున్నారు. తండ్రి ఫోన్ నుంచి డబ్బు వస్తుంది, తల్లి పత్రం నింపుతుంది, బిడ్డ పేరు మూడోది. స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపమంటే ఎవరి డబ్బు ఎవరిదో తేల్చడం కష్టం. లావాదేవీ సంఖ్యను పత్రంలోనే రాయించుకుని, రోజూ సాయంత్రం బ్యాంకు ఖాతాతో సరిచూసి, “పేరు నమోదైంది” అని తిరుగు సందేశం పంపితే పోటీ రోజు బల్ల దగ్గర గొడవ ఉండదు. ఫీజు తిరిగి ఇస్తారా, ఏ తేదీ వరకు ఇస్తారు అన్నది కూడా ప్రకటనలో ఉండాలి.

గడువు, హాజరు

ఎంతమందిని చేర్చుకోవచ్చన్నది హాలు చెబుతుంది, ఉత్సాహం కాదు. ముందు బల్లలు లెక్కపెట్టి, తర్వాత సంఖ్య ప్రకటించాలి. వంద బోర్డులు పట్టే హాలులో 200 మందికే చోటు. ఆ సంఖ్య నిండగానే నమోదు ఆపి, ఆ తర్వాత వచ్చినవారిని వరుసక్రమంలో నిరీక్షణ జాబితాలో పెట్టాలి.

స్పాట్ ఎంట్రీ, అంటే పోటీ రోజు ఉదయం పేరు రాయించుకోవడం, చాలా ఊళ్ళలో ఆనవాయితీ. ఆలస్యంగా తెలిసిన కుటుంబాలకు, ఆన్‌లైన్ పత్రం నింపలేని వారికి అది అవకాశం. కానీ దాని భారాన్ని మోసేది సమయానికి వచ్చిన పిల్లలు. ఉదయం 9.30కి మొదలుకావాల్సిన రౌండు 11 గంటలకు మొదలైతే, ఆ గంటన్నరా వాళ్ళు ఆకలితో, అలసటతో గడుపుతారు. చివరి రౌండు చీకటిపడ్డాక జరుగుతుంది. ముందురోజు సాయంత్రానికి నమోదు ముగించి, ఆన్‌లైన్ రానివారి కోసం ఫోన్ ద్వారానో, వ్యాయామ ఉపాధ్యాయుడి ద్వారానో పేరు ఇచ్చే దారి తెరిచి ఉంచడం ఇద్దరికీ న్యాయం చేసే పద్ధతి. స్పాట్ ఎంట్రీ తప్పదనుకుంటే కొన్ని చోట్లు మాత్రమే ఉంచి, మొదటి రౌండుకు గంట ముందే దాన్ని మూసేయాలి.

పేరు ఇవ్వడం వేరు, రావడం వేరు. జ్వరాలు, పరీక్షలు, పెళ్ళిళ్ళ వల్ల కొందరు రారు. అందుకే ఉదయం హాజరు తీసుకోవాలి. విభాగానికొక బల్ల, బల్ల మీద పెద్ద అక్షరాల్లో విభాగం పేరు, అకారాది క్రమంలో జాబితా ఉంటే వరుస త్వరగా కదులుతుంది. ఇక్కడ డబ్బు వ్యవహారం ఉండకూడదు. బాకీ ఉన్నవారిని వేరే బల్లకు పంపితే మిగిలిన వరుస ఆగదు. హాజరైనవారితోనే తుది జాబితా తయారుచేసి, జతలు కట్టడానికి ముందు పావుగంటసేపు గోడ మీద ఉంచాలి. పేరు, పుట్టిన తేదీ, రేటింగుల్లో తప్పులుంటే పెద్దలు అప్పుడే చెప్పాలి. ఈ పావుగంట మిగిలిన రోజంతటినీ కాపాడుతుంది.

హాజరు ముగిశాక వచ్చిన బిడ్డను ఇంటికి పంపాల్సిన పనిలేదు. ఓడినవారూ చివరిదాకా ఆడే స్విస్ పద్ధతిలో రెండో రౌండు నుంచి చేర్చుకునే వీలుంది. మొదటి రౌండుకు సున్నా ఇస్తారా, అర పాయింటు ఇస్తారా అన్నది ముందే ప్రకటించాలి.

జతలు, రౌండ్లు

పేర్ల జాబితాకూ బల్లకూ మధ్య వంతెన పెయిరింగ్, అంటే జతలు కట్టడం. పిల్లల పోటీల్లో దాదాపు అన్నిచోట్లా వాడేది స్విస్ పద్ధతి. 1895లో జ్యూరిక్‌లో దీన్ని తొలిసారి అమలుచేశారు. రూపకర్తగా జూలియస్ ముల్లర్ పేరు చెబుతారు. ఓడినవారు బయటికి పోరు. అందరూ అన్ని రౌండ్లూ ఆడతారు. ప్రతి రౌండులో సమానమైన లేదా దగ్గరి పాయింట్లు ఉన్నవారు తలపడతారు. ఒకసారి ఆడినవారు మళ్ళీ తలపడరు. వరుసగా మూడుసార్లు ఒకే రంగు రాకుండా, తెల్ల నల్ల పావుల తేడా రెండుకు మించకుండా చూస్తారు. ఎక్కువమంది పిల్లలున్న పోటీకి ఇంతకంటే అనువైన పద్ధతి లేదు. మూడు ఆటలు ఓడిన బిడ్డకు నాలుగో ఆటలో తనలాంటి ప్రత్యర్థే దొరుకుతాడు.

రౌండ్ల సంఖ్య ఆటగాళ్ళ సంఖ్యను బట్టి ఉండాలి. అన్ని ఆటలూ గెలిచినవారు ఒక్కరికి మించి మిగలకూడదంటే 64 మందికి ఆరు, 128 మందికి ఏడు రౌండ్లు కావాలి. పావుగంటతో పాటు ప్రతి ఎత్తుకు ఐదు సెకన్లు కలిసే గడియారంతో ఆడిస్తే, అరవై ఎత్తుల ఆటలో ఒక్కొక్కరికి 20 నిమిషాలు, మొత్తం 40 నిమిషాలు పడుతుంది. ఫలితాలు చేర్చడానికి, కొత్త జతలు కట్టి పిల్లల్ని కూర్చోబెట్టడానికి మరో 20 నిమిషాలు. అంటే రౌండుకు గంట. 9.30కి మొదలైతే భోజనానికి ముందు మూడు, తర్వాత మూడు ఆడించి సాయంత్రం 4.30కి ముగించవచ్చు. ఒక్కరోజులో ఇంతకుమించి పెట్టడం చిన్నపిల్లలకు శిక్షే.

ఆరుగురే ఉన్న విభాగంలో స్విస్ అనవసరం. ప్రతి ఒక్కరూ మిగిలిన అందరితో ఆడితే ఐదు రౌండ్లలో 15 ఆటలు పూర్తవుతాయి. అమెరికాలో బలం దాదాపు సమానంగా ఉన్న నలుగురిని ఒక గుంపుగా చేసి, వాళ్ళలో వాళ్ళనే మూడు రౌండ్లు ఆడించే పద్ధతి ప్రచారంలో ఉంది. ఒక్క పూటలో ముగించాలనుకునే బడులకు ఇది బాగా పనికొస్తుంది.

తొలి రౌండులో జాబితా పైసగం, కిందిసగంతో తలపడుతుంది. జాబితా క్రమాన్ని రేటింగు నిర్ణయిస్తుంది. రేటింగు సమానమైనా, అసలు లేకపోయినా అకారాది క్రమమే మిగులుతుంది. ఎక్కువమందికి రేటింగు లేని పిల్లల పోటీలో ఇంగ్లీషు అక్షరమాల వరుసే తొలి ప్రత్యర్థిని నిర్ణయిస్తుందన్నమాట. అందుకే కొందరు నిర్వాహకులు రేటింగు లేనివారి మధ్య చీటీలు తీస్తారు. ఒకే బడి పిల్లలు తొలి రౌండులోనే తలపడకుండా చూడమని కోరేవారూ ఉంటారు. దానికి వీలుంది, కానీ ముందే ప్రకటించి, తొలి రౌండ్లకే పరిమితం చేయాలి. చివరి రౌండ్లలో అలాంటి మినహాయింపు ఉంటే బహుమతుల తీరే మారిపోతుంది.

బేసి సంఖ్య వచ్చినప్పుడు ఒకరికి బై వస్తుంది, అంటే ఆ రౌండులో ప్రత్యర్థి ఉండరు. వేరే నిబంధన లేకపోతే దానికి గెలుపుతో సమానమైన పాయింటు ఇస్తారు. ఒకరికి ఒకసారికి మించి ఇవ్వరు, ప్రత్యర్థి రాక ఆడకుండానే గెలుపు (వాకోవర్) పొందినవారికీ ఇవ్వరు. సాధారణంగా ఇది పట్టికలో దిగువన ఉన్న బిడ్డకు వస్తుంది. పాయింటు వచ్చినా ఆడుకోవడానికి వచ్చిన బిడ్డకు గంటసేపు ఆట లేకపోవడం బాధే. బహుమతితో సంబంధం లేని అదనపు ఆటగాడిని సిద్ధంగా ఉంచి, ఆ బిడ్డతో ఆడించడం మంచి నిర్వాహకుల అలవాటు.

జతలు కట్టే పని ఇప్పుడు కంప్యూటరుది. ఆస్ట్రియాకు చెందిన హైన్జ్ హెర్జోగ్ రూపొందించిన స్విస్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ మన దేశంలో విరివిగా వాడుకలో ఉంది. ఫలితాలు చెస్ రిజల్ట్స్ వెబ్‌సైటులో అప్పటికప్పుడు కనిపిస్తాయి. అయినా యంత్రం తనకిచ్చిన జాబితాను మాత్రమే నమ్ముతుంది. జాబితాలో దొర్లిన తప్పు జతల్లోనూ దొర్లుతుంది.

హాలు, బల్ల, కుర్చీ

ఫిడే ప్రమాణాల ప్రకారం పోటీ బల్ల పొడవు 110 సెంటీమీటర్లు, వెడల్పు 85, ఎత్తు 74. బోర్డు మీద గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు, రాజు ఎత్తు 9.5. కుర్చీలు సౌకర్యంగా ఉండాలని, పిల్లల పోటీలకు ప్రత్యేక వెసులుబాటు ఇవ్వాలని, కుర్చీలు జరిపేటప్పుడు చప్పుడు కాకూడదని కూడా అందులో ఉంది. ఈ మూడు మాటలూ మన ఫంక్షన్ హాళ్ళకు, బడి ఆవరణలకు అక్షరాలా వర్తిస్తాయి.

టెంట్‌హౌస్ నుంచి తెచ్చే ఆరడుగుల బల్ల మీద రెండు బోర్డులు పడతాయి. ఒక్కో బోర్డుకు మూడడుగులు, అంటే 91 సెంటీమీటర్లు. ప్రమాణం కంటే కాస్త తక్కువైనా పిల్లలకు సరిపోతుంది. మూడు బోర్డులు ఇరికిస్తే పక్క ఆట గడియారం చేతికి తగులుతుంది, పావులు కలిసిపోతాయి. వెడల్పున లెక్క వేస్తే బల్లకు రెండున్నర అడుగులు, రెండువైపులా కుర్చీలకు నాలుగడుగులు, వెనక నడవడానికి మూడున్నర అడుగులు, మొత్తం పది. ఒక్కో బోర్డుకు 30 చదరపు అడుగులన్నమాట. వంద బోర్డులకు మూడు వేలు. మధ్య దారి, ఆర్బిటర్ల బల్ల, ద్వారం దగ్గర ఖాళీ కలిపితే మూడున్నర నుంచి నాలుగు వేల చదరపు అడుగుల హాలు కావాలి. కల్యాణ మండపం పెద్దదే అయినా వేదిక, స్తంభాలు, భోజనాల చోటు తీసేసి మిగిలింది కొలిచి చూసుకోవాలి.

74 సెంటీమీటర్ల బల్ల ఆరేళ్ళ బిడ్డకు బాగా ఎత్తవుతుంది. అవతలి వరుస పావులు అందక పిల్లలు కుర్చీ మీద మోకాళ్ళేసి కూర్చుంటారు, పడిపోతారు, చొక్కా చేతులు తగిలి పావులు దొర్లుతాయి. చిన్న విభాగానికి బడిలోని చిన్న బల్లలు తెప్పించడం ఉత్తమం. అది కుదరకపోతే రెండు ప్లాస్టిక్ కుర్చీలను ఒకదానిలో ఒకటి పెడితే కూర్చునే ఎత్తు కొంత పెరుగుతుంది. నేల మీద జంపఖానా పరిచి ఆడించడం కూడా చిన్న పోటీల్లో జరుగుతుంది. ఖర్చు తక్కువ, పడిపోయే భయం లేదు. అయితే గంటల తరబడి వంగి ఆడితే నడుము నొప్పి పుడుతుంది, నడిచేవారి కాళ్ళు బోర్డులకు తగులుతాయి. రెండు మూడు రౌండ్లకు మించిన పోటీకి బల్లలే మేలు.

వెలుతురు, గాలి, నీళ్ళు, మరుగుదొడ్లు కూడా కూర్చోబెట్టే ఏర్పాటులోనివే. కిటికీ ఎదురుగా బల్ల వేస్తే మధ్యాహ్నపు ఎండ ఒకరి కళ్ళలో పడుతుంది. వరుసలను కిటికీకి అడ్డంగా వేస్తే వెలుగు ఇద్దరికీ పక్కనుంచి వస్తుంది. వేసవి సెలవుల పోటీలో ఫ్యాన్లు లేని మూల బల్లలు వేయకపోవడమే మంచిది. మరుగుదొడ్డికి దగ్గర వరుసలు చిన్నవారివి కావాలి. తన ఎత్తు నడుస్తుండగా ఆటగాడు ఆర్బిటర్ అనుమతి లేకుండా ఆట స్థలం వదలకూడదన్నది నియమం. ఏడేళ్ళ బిడ్డ ఆ సంగతి తెలియక పరుగెత్తుతుంది. చెయ్యెత్తి అడగాలని మొదటి రౌండుకు ముందే చెప్పాలి.

చదరంగం బోర్డు, పావులు, గడియారం ఎవరు తేవాలన్నది కూడా ప్రకటనలోనే తేలాలి. తెలుగు జిల్లాల్లో “బోర్డు, గడియారం వెంట తెచ్చుకోవాలి” అనే నిబంధన తరచూ కనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి అది సాయపడుతుంది గానీ, గడియారం కొనలేని ఇంటి బిడ్డకు ఆ నిబంధనే మూసిన తలుపు. కొన్ని గడియారాలు నిర్వాహకుల దగ్గర ఉండి తీరాలి.

బోర్డు సంఖ్యలు

బిడ్డ తనంతట తాను తన కుర్చీ కనుక్కోగలిగితే ఏర్పాటు సరిగా ఉన్నట్టు. ఒక విభాగంలో 12వ బోర్డు, ఇంకో విభాగంలో 12వ బోర్డు ఉంటే అక్కడే గందరగోళం. ఏడేళ్ళలోపు వారికి 1 నుంచి, తొమ్మిదేళ్ళలోపు వారికి 101 నుంచి, పదకొండేళ్ళలోపు వారికి 201 నుంచి సంఖ్యలు ఇస్తే ఒక సంఖ్య హాలు మొత్తంలో ఒక్కచోటే ఉంటుంది. విభాగానికొక రంగు కాగితం మీద ఆ సంఖ్య ముద్రిస్తే చదవడం ఇంకా సరిగా రాని పిల్లలు రంగును బట్టి వెళ్తారు. సంఖ్య బల్లకు అంటించిన కాగితంగా కాక, నిలబెట్టిన అట్టగా ఉండాలి. పిల్లలు కూర్చున్నాక కూడా దూరం నుంచి కనిపిస్తుంది.

వరుసలన్నీ ఒకే వైపు నుంచి మొదలవ్వాలి. ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తర్వాతిది కుడి నుంచి ఎడమకు పోతే నిర్వాహకులకు సౌకర్యం కావచ్చు, పిల్లలకు తికమక. తెల్ల పావులన్నీ హాలులో ఒకే దిక్కున ఉంటే ఎటు కూర్చోవాలో అడగాల్సిన పనిలేదు. తప్పు రంగుతో మొదలైన ఆట దూరం నుంచే కనిపిస్తుంది. గడియారం ఎటువైపు ఉండాలో నిర్ణయించేది ఆర్బిటర్. వరుసలోని గడియారాలన్నీ నడవ వైపు కనిపించేలా పెడితే ఒక్క చూపులో అన్నీ అందుతాయి. ప్రతి బోర్డూ ఆటగాడి కుడిచేతి మూల తెల్లగడి వచ్చేలా ఉందో లేదో కూడా ముందే సరిచూడాలి.

జతల జాబితాను రెండు రకాలుగా అంటించాలి. బోర్డు సంఖ్యల వరుసలో ఒకటి, పేర్ల అకారాది వరుసలో ఒకటి. రెండోది ఉంటే తన పేరు వెతుక్కోవడానికి బిడ్డ జాబితా అంతా చదవక్కర్లేదు. రెండు మూడు గోడల మీద, పిల్లల కళ్ళ ఎత్తున అంటించాలి. ఒక్క గోడ మీదే అంటిస్తే తల్లిదండ్రుల భుజాల వెనుక పిల్లలు చిక్కుకుపోతారు. నడవలేని బిడ్డకు ద్వారం దగ్గర ఒక బోర్డు శాశ్వతంగా కేటాయించాలి. పాయింట్లు మారినా ఆ బిడ్డ బల్ల మారదు, ప్రత్యర్థే అక్కడికి వస్తాడు.

తల్లిదండ్రులు, ఆర్బిటర్లు

ఆట మొదలయ్యాక తల్లిదండ్రులు హాలులో ఉండకూడదన్నది చాలా పోటీల నియమం. ఇది కఠినంగా కనిపిస్తుంది గానీ, ఒక తండ్రి కనురెప్ప కదలిక కూడా బల్ల దగ్గర సైగగా మారగలదు. అంతకంటే ముఖ్యం, పెద్దల చూపుల బరువు లేకుండా ఆడే హక్కు పిల్లలకు ఉంది. నియమం పెట్టినప్పుడు దానికి తగిన చోటు కూడా చూపాలి. నీడ, కుర్చీలు, నీళ్ళు, ఫలితాలు కనిపించే తెర ఉన్న గది ఇస్తే పెద్దలు తలుపు దగ్గర గుమికూడరు. చిన్న విభాగానికి మొదటి రౌండు ముందు ఐదు నిమిషాలు లోపలికి వచ్చి, బిడ్డను కూర్చోబెట్టి, ఫొటో తీసుకుని వెళ్ళే అవకాశం ఇవ్వడం బాగా పనిచేస్తుంది.

బయటికి వెళ్ళే దారి ఒక్కటే ఉండి, అక్కడ ఒక స్వచ్ఛంద సేవకుడు ఉండాలి. ఆట ముగిసిన బిడ్డ తన పెద్దవారి చేతికి అందేదాకా బాధ్యత నిర్వాహకులదే. పిల్లలతో పనిచేసే సేవకులు ఎవరో తెలిసినవారై ఉండాలి. ఏ పెద్దవారూ పరాయి బిడ్డను ఒంటరిగా గదిలోకి తీసుకెళ్ళకూడదు. ఈ జాగ్రత్తలు నమోదు దశలోనే మొదలవుతాయి, ఎందుకంటే వెంట వచ్చిన పెద్దవారి ఫోన్ నంబరు అప్పుడే తీసుకున్నారు. ఫోన్లు, స్మార్ట్ వాచీలు లోపలికి రాకూడదన్నదీ చదరంగ నియమమే. ముందే చెబితే ద్వారం దగ్గర ఏడుపులు ఉండవు.

చిన్న విభాగంలో 20 బోర్డులకు ఒక ఆర్బిటర్ ఉంటే మంచిది. ఆట ముగియగానే పావులు కలిపేయకుండా ఇద్దరూ చెయ్యెత్తాలని, ఆర్బిటర్ వచ్చి ఫలితం రాసుకున్నాకే లేవాలని నేర్పాలి. ఆరేళ్ళ పిల్లలు కొన్నిసార్లు చెక్‌మేట్ కాకుండానే ఆట అయిపోయిందనుకుంటారు. స్థితి బోర్డు మీద ఉంటేనే అది సరిదిద్దే వీలుంటుంది. ఫలితాల చీటీ మీద బోర్డు సంఖ్య, ఇద్దరి పేర్లు, ఇద్దరి సంతకాలు ఉంటే తర్వాత వచ్చే తగాదాలు తగ్గుతాయి.

పెద్ద పోటీలు చూపిన దారి

సంఖ్య పెరిగేకొద్దీ ఈ సూత్రాల విలువ స్పష్టమవుతుంది. 2010 డిసెంబరు 24న అహ్మదాబాద్‌లో 20,480 మంది ఒకేచోట చదరంగం ఆడారు. అంతమందిని సరైన కుర్చీకి చేర్చడమే అక్కడ అసలు పని. అమెరికాలో నాలుగేళ్ళకోసారి జరిగే సూపర్‌నేషనల్స్ బడి పిల్లల పోటీకి 2017లో నాష్‌విల్‌లో ఐదు వేలకు పైగా పిల్లలు వచ్చారు. అక్కడ విభాగాలు తరగతులను బట్టి ఉంటాయి. బడులు విడిగా గదులు తీసుకుని ఆటల మధ్య పిల్లల్ని అక్కడే ఉంచుతాయి.  బ్రిటన్‌లో 1996లో చదరంగ ఆటగాడు మైక్ బాస్మన్ మొదలుపెట్టిన బడి పిల్లల పోటీ ఇంకో దారి చూపింది. తొలి దశ ఎవరి బడిలో వారిదే. గెలిచినవారే పై దశకు వస్తారు. నమోదు, కూర్చోబెట్టడం రెండూ వందల బడులకు పంచిపెట్టినట్టయింది. మన జిల్లాల్లో మండల స్థాయి నుంచి ఎంపికలు జరిపితే ఇదే ఫలితం దక్కుతుంది. ఒకే ఆదివారం ఒకే హాలు మీద పడే భారం తగ్గుతుంది, దూరపు ఊళ్ళ పిల్లలకు ప్రయాణం తప్పుతుంది.

ముగింపు పనులు

చివరి రౌండు తర్వాత సమాన పాయింట్లు ఉన్నవారి మధ్య క్రమం తేల్చడానికి ప్రత్యర్థుల పాయింట్లను బట్టి లెక్కించే బుక్‌హోల్జ్, సోన్నెబోర్న్-బెర్గర్, అలాగే పరస్పర ఫలితం వంటి కొలమానాలు వాడతారు. ఏది ముందో ప్రకటనలో ఉండాలి. లేకపోతే మూడో బహుమతికీ నాలుగో బహుమతికీ మధ్య తేడాను ఏ తల్లీ అంగీకరించదు. తుది పట్టిక అరగంటసేపు గోడ మీద ఉంచి, అభ్యంతరాలు విన్న తర్వాతే బహుమతులు ఇవ్వాలి. ప్రశంసాపత్రాల మీద పేర్లు నమోదులో సరిచూసుకున్న విధంగానే ముద్రించాలి. రేటింగు పోటీ అయితే నివేదిక గడువులోగా సమాఖ్యకు చేరాలి. అవసరం తీరిన వ్యక్తిగత పత్రాలను నాశనం చేయాలి. చివరగా, ఎన్ని బల్లలు చాలలేదు, ఏ వరుసలో గాలి ఆడలేదు, ఎంతమంది పేరిచ్చి రాలేదు అన్నది ఒక కాగితం మీద రాసి వచ్చే ఏటి నిర్వాహకులకు అందజేయాలి. తర్వాతి పోటీలో ఎన్ని పేర్లు చేర్చుకోవచ్చో, ఎన్ని బల్లలు తెప్పించాలో చెప్పేది ఆ కాగితమే.